వెల్లింగ్టన్ జనంలో మా వదిన

బూట్ల మట్టి

ఆక్లాండ్ విమానాశ్రయంలో మా వదిన బూట్లు పట్టుబడ్డాయి. వాటి అడుగున కాస్త మట్టి ఉంది, అంతే. రాజమండ్రిలో గోదావరి గట్టున పొద్దున్నే నడవడానికని మా ఆయన కొనిచ్చిన బూట్లవి. ఆ దేశంలోకి పరాయి మట్టి రానివ్వరట. మట్టితోపాటు ఏ పురుగో, ఏ తెగులో వచ్చి తమ పొలాలకి పడుతుందని వాళ్ల భయం. నడివయసు ఉద్యోగి ఒకాయన చేతితొడుగులు వేసుకుని, వదిన బూట్లు రెండూ లోపలికి తీసుకెళ్లాడు. వదిన మేజోళ్లతో చల్లని నేలమీద నిలబడింది. కాసేపటికి ఆయన వాటిని కడిగి, తుడిచి తెచ్చి, వంగి ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు.

"అంతటి పెద్దమనిషి చేత నా బూట్లు కడిగించావా?" అంది వదిన, తప్పంతా నాదే అన్నట్టు.

"నేనేం కడిగించలేదండి, అది వాళ్ల చట్టం" అన్నాను.

"చట్టమైతే మాత్రం" అని గొణిగి, ఆయనకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆయన కూడా తడి తొడుగులతోనే దండం పెట్టాడు. న్యూజిలాండ్‌లో మేం చేసిన మొదటి పని అదీ.

మా వదిన పేరు మంగతాయారు. మా ఆయనకి అక్క. డెబ్భైకి దగ్గర పడింది, చెవులు సరిగా వినబడవు, మిషను పెట్టుకుంటుంది. పాపికొండల దారిలో గోదావరి ఒడ్డున వాళ్లకో పెంకుటిల్లు ఉండేది. ప్రాజెక్టు ముంపులో ఊరంతా పోయింది. పునరావాస కాలనీకి మారిన కొన్నాళ్లకే మా అన్నయ్యగారు, అంటే వదిన భర్త, కన్నుమూశారు. పిల్లలు లేరు. అప్పటినుంచీ మా ఇంట్లోనే ఉంటోంది. పనులన్నీ చేస్తుంది, మాట మాత్రం అవసరమైనంతవరకే.

ఇక నేను. హైస్కూల్లో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. 'ప్రపంచంలో మహిళలకు మొట్టమొదట ఓటుహక్కు ఇచ్చిన దేశమేది?' అనే ఒక మార్కు ప్రశ్నని ఎన్ని పరీక్షల్లో ఇచ్చానో చెప్పలేను. జవాబు న్యూజిలాండ్. ఆ హక్కు కోసం ఆనాటి ఆడవాళ్లు సంతకాలు పెట్టిన అర్జీ ఇప్పటికీ వెల్లింగ్టన్‌లో భద్రంగా ఉందని చదివినప్పటినుంచి దాన్ని కళ్లారా చూడాలని కోరిక. మా ఆయనకి మోకాళ్ల నొప్పులు. "అక్కని తీసుకెళ్లు, ఇంట్లో కూర్చుని కూర్చుని ఎండిపోతోంది" అన్నారు. వదిన సరే అననూ లేదు, వద్దననూ లేదు. బూట్లు మాత్రం తొడుక్కుంది.

మౌంట్ రాస్కిల్‌లో టీవీ

మేం దిగింది మా పిన్ని కూతురు సుజాత ఇంట్లో. మౌంట్ రాస్కిల్ అనే పేటలో చెక్కతో కట్టిన ఇల్లు. నవంబరు నెల అంటే వాళ్లకి వసంతకాలం. వీధిలో నిమ్మచెట్లు కాయలతో వంగి ఉన్నాయి, కోసుకునేవాళ్లు లేరు. వదిన మొదటి రోజే పొరుగింటి గోడమీంచి చెయ్యి చాచింది. ఆ ఇంటావిడ చూసింది. నేను సిగ్గుతో చచ్చాను. ఆవిడ లోపలికెళ్లి సంచీ తెచ్చి, నింపి ఇచ్చింది.

పక్కనున్న శాండ్రింగ్‌హామ్ వీధిలో మన సరుకుల కొట్లు వరసగా ఉన్నాయి. ఇడ్లీ రవ్వ, గోంగూర, గుంటూరు కారం, అన్నీ ఉన్నాయి. కరివేపాకు రెండు రెబ్బలు నాలుగు డాలర్లు. అది రూపాయల్లో ఎంతో వదినకి చెప్పకుండా దాచాను. ఆమె లెక్క కట్టేసింది. మర్నాడు సుజాత పులుసులో కరివేపాకు ఏరి పక్కన పెడుతుంటే, "తినవే, అది ఇక్కడ జీడిపప్పు లెక్క" అంది.

దేశం గొడవగా ఉన్నప్పుడు మేం వెళ్లాం. బయల్దేరేటప్పుడు మాకు ఆ సంగతి సరిగా తెలియదు. ఎప్పుడో బ్రిటిష్ వాళ్లకీ, ఆ నేల మీద ముందునుంచీ ఉన్న మావోరీలకీ మధ్య ఒక ఒప్పందం జరిగింది. దానికి కొత్త అర్థం రాసే బిల్లొకటి పార్లమెంటుకి వచ్చింది. ఉన్న కాస్త హక్కులూ పోతాయని మావోరీలు ఉత్తరపు కొసనుంచి రాజధాని వెల్లింగ్టన్‌కి, కొంత నడిచి కొంత కార్లలో, పాదయాత్రగా బయల్దేరారు. దాన్ని వాళ్ల భాషలో 'హికోయి' అంటారు. సుజాత వాళ్ల టీవీలో చూస్తే ఆక్లాండ్ పెద్ద వంతెన మీద జనం జనం. వంతెన ఊగుతోందా అనిపించింది. ఆ మర్నాడు పార్లమెంటులో ఒక యువ సభ్యురాలు బిల్లు కాగితం చింపి, హాకా ఎత్తుకున్న వీడియో నా ఫోనుకి రాజమండ్రినుంచి కూడా వచ్చింది. హాకా అంటే నేలని తొక్కుతూ, తొడలు చరుస్తూ, కళ్లు పెద్దవి చేసి గొంతెత్తి చేసే నృత్యం. వదిన ఆ వీడియో మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూసింది.

"మన వీరభద్రుడి సంబరంలో ఖడ్గాలు చదివేవాళ్లు ఇలాగే ఊగిపోతారు" అంది. "ఈ పిల్లకి పూనకం వచ్చింది."

సుజాత భర్త నవీన్‌ది నల్గొండ. ఐటీలో పనిచేస్తాడు, నిదానస్థుడు. మేం వెల్లింగ్టన్‌లో ఉండే రోజునే పాదయాత్ర అక్కడికి చేరుతుందని తెలిసి, అన్నం తింటూ నెమ్మదిగా చెప్పాడు.

"అక్కా, టికెట్లు క్యాన్సిల్ చెయ్యమని నేను అంటలేను. కానీ ఆ రోజు మోటెల్‌ల నుంచి బయటికి పోకున్రి. మనం బయటినుంచి వచ్చినోళ్లం. వాళ్ల పంచాయితీల మనం కనబడొద్దు."

వాళ్లమ్మాయి అన్వి అక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో చెబుతుంది. తమ స్కూలు పిల్లలు వంతెన మీదికి వెళ్లారనీ, తనని నాన్న వెళ్లనివ్వలేదనీ అంది. తరవాత నా కోసం కష్టపడి తెలుగులో, "పెద్దమ్మా, వాళ్లు మంచిగా నడుస్తున్నారు. నాన్న ఊరికే స్కేర్డ్" అంది. నవీన్ కూర గిన్నె నా వైపు జరిపాడు. నాకు అతని భయం అర్థమైంది. మన ఊళ్లో గొడవ అంటే మూసిన షట్టర్లు, ఆగిన బస్సులు, విరిగిన లాఠీలు. అవి చూస్తూ పెరిగినవాళ్లం ఏ దేశం వెళ్లినా అవే గుర్తుకొస్తాయి.

పాపటోయిటోయి ఆంటీ

విమానాశ్రయం దగ్గర్లో పాపటోయిటోయి అనే చోట చీరలూ, పూజసామానూ, కూరగాయలూ ఒకే కొట్లో అమ్మే ఒక ఫిజీ ఆంటీ ఉంది. సుజాత ఆమె దగ్గరే కొబ్బరికాయలు కొంటుంది. ఆంటీ తాతలని చెరకుతోటల్లో కూలికి మద్రాసు ఓడమీద ఫిజీ తీసుకెళ్లారు. ఆమె మాట్లాడేది ఫిజీ హిందీ. మేం తెలుగువాళ్లమని తెలిసి కౌంటరు వెనకనుంచి బయటికి వచ్చింది.

"మా నానమ్మ మీ మాటే మాట్లాడేది" అంది. "నాకు మూడే వచ్చు. అవ్వ. నీళ్లు. పండుకో."

వదిన నవ్వింది. రాజమండ్రి దాటాక ఆమె నవ్వడం అదే మొదలు. ఆంటీ మా ఇద్దరికీ పనసతొనలు ఒలిచి పెట్టింది. వెల్లింగ్టన్ గొడవ గురించి నేను భయంగా అడిగితే తల అడ్డంగా ఊపింది.

"మా ఫిజీలో సైనికులు తుపాకులతో పార్లమెంటులోకి వచ్చిన రోజున మేం మంచాల కింద పడుకున్నాం. ఆ తరవాతే పొలం కౌలు పోయి ఇటు వచ్చేశాం. ఇక్కడ పిల్లలు జెండా పట్టుకుని పాట పాడుతున్నారు. నువ్వు వెళ్లమ్మా. చలిగా ఉంటుంది, స్వెటరు మర్చిపోకు."

తైహాపేలో చీజ్ రొట్టె

వెల్లింగ్టన్‌కి బస్సులో వెళ్లాం. దారంతా పచ్చని గుట్టలు, గుట్టల నిండా గొర్రెలు. మనుషులే కనబడరు. "ఇంత నేల పెట్టుకుని కొట్టుకుంటున్నారా?" అని వదిన అడిగింది. కాసేపాగి తనే, "నేల ఎక్కువుంటే మాత్రం, ఎవరిది వాళ్లకి కావాలి కదా" అంది.

తైహాపే అనే చిన్న ఊళ్లో భోజనానికి ఆపారు. ఆ రోజు సోమవారం, వదిన నీచు ముట్టదు. గాజు బీరువాలో ఉన్నవన్నీ మన కజ్జికాయల్లా మాంసం కూరి కాల్చిన 'పై'లే. చివరికి చీజ్ వేసిన ఉప్పురొట్టె దొరికింది. ఆ హోటలు నడుపుతున్న తెల్లావిడ దాన్ని వేడిచేసి, పక్కన వెన్న పెట్టి ఇచ్చింది. బయట రోడ్డుమీద కార్లు వరసగా దక్షిణానికి పోతున్నాయి. అన్నిటికీ ఎరుపు, తెలుపు, నలుపు రంగుల మావోరీ జెండాలు. కొన్ని ఆగుతున్నాయి. పిల్లలు దిగి లోపలికొచ్చి, బాత్రూం వాడుకుని, ఏమీ కొనకుండానే వెళ్తున్నారు.

"వీళ్లతో మీరు ఏకీభవిస్తారా?" అని అడిగాను.

"లేదు" అంది ఆవిడ నిక్కచ్చిగా. "దేశాన్ని రెండుగా చీలుస్తున్నారని నా అభిప్రాయం. మా ఆయనైతే ఇంకా కోపంగా ఉన్నాడు." అంటూనే వంటింటి తలుపు తీసి, బాత్రూం కాగితం కట్టలు రెండు పట్టుకెళ్లి లోపల పెట్టి వచ్చింది. "కానీ ఇంత దూరం వచ్చిన పిల్లలకి బాత్రూం కావాలి కదా."

వదినకి ఇదంతా తెలుగులో చెప్పాను. వదిన ఆవిణ్ణి కాసేపు చూసి, మిగిలిన సగం రొట్టె రుమాల్లో కట్టుకుంది.

వెల్లింగ్టన్

వెల్లింగ్టన్ గాలి గురించి అందరూ చెప్పారు. చెప్పినదానికన్నా ఎక్కువగానే ఉంది. ఆ గాలికి వదిన చెవి మిషను ఈల వేస్తోందని, తీసి నా హ్యాండ్‌బ్యాగులో పెట్టమంది. పెట్టాను.

నవీన్ మాట వినలేదు. ఊరేగింపు పార్లమెంటుకి మధ్యాహ్నానికి గానీ రాదని మోటెల్లో చెప్పారు. ఆ లోపల అర్జీ చూసి వచ్చేద్దామని పొద్దున్నే బయల్దేరాం. పార్లమెంటుకి ఎదురుగా ఉన్న పెద్ద లైబ్రరీలో ఒక చీకటి గది. కాగితాలకి వెలుతురు తగలకూడదని దీపాలు తగ్గించి పెట్టారు. ఒకవైపు ఆ ఒప్పందం కాగితాలు, అంచులు ఎలకలు కొరికినట్టున్నాయి. ఇంకోవైపు ఆడవాళ్ల సంతకాల అర్జీ. కాగితాలని ఒకదానికొకటి అంటించి, పెద్ద చుట్టగా చుట్టారు.

నేను దానిమీదికి వంగాను. ఎన్ని రకాల చేతిరాతలో. ఒకామె వంకర్లు లేకుండా రాసింది. ఇంకొకామెకి చెయ్యి వణికింది. ఒకచోట సిరా పడితే తుడిచి, ఆ మరక పక్కనే పేరు రాశారు. నా క్లాసులో ఒక మార్కుకి సరిపోయిన జవాబు ఇంతమంది మనుషులా అనుకున్నాను. ఏడుపొచ్చింది. వదినకి చూపిద్దామని వెనక్కి తిరిగాను.

బెంచీ మీద వదిన లేదు.

బాత్రూములు చూశాను. మెట్లు చూశాను. కాపలా ఆయన్ని అడిగితే తలుపు వైపు చూపించాడు. పచ్చ బట్టలావిడ జెండాలు చూడ్డానికి బయటికి వెళ్లిందన్నాడు. బయటికొచ్చి చూస్తే వీధి లేదు, జనమే. చేరాల్సిన వేళకన్నా ముందే వచ్చేశారు. భుజాలమీద పిల్లలు, చక్రాల కుర్చీల్లో ముసలివాళ్లు, ఈకల కోట్లు, స్కూలు యూనిఫాంలు. పాట వీధి ఒక చివర మొదలై రెండో చివరికి వెళ్తోంది. ఆ ప్రవాహంలో మా వదిన ఎటు కొట్టుకుపోయిందో తెలియదు. ఆమెకి ఇంగ్లీషు రాదు. ఫోను లేదు. మోటెల్ పేరు తెలియదు. చెవి మిషను నా బ్యాగులో ఉంది.

పుష్కరాల్లో మా ఊళ్లో జనం ఒకరిమీద ఒకరు ఎలా పడిపోయారో ఎరిగినదాన్ని. మా ఆయనకి ఏమని చెప్పాలి? ఊరు పోయి, మనిషి పోయి నా ఇంటికొచ్చిన ఆడకూతుర్ని ప్రపంచం చివరికి తీసుకొచ్చి పోగొట్టానని చెప్పాలా?

పోలీసమ్మాయి ఒకామె కనబడింది. చేతిలో లాఠీ లేదు, ఎవరో ఇచ్చిన ఆకుల కొమ్మ ఉంది. నేను ఏడుస్తూ చెబితే శ్రద్ధగా విని, "షీ విల్ బి రైట్" అంది. బాగానే ఉంటుందిలే అని అర్థం, అక్కడ అందరూ అనే మాట. నాకు ఒళ్లు మండింది. కానీ ఆమె ఆ మాటతో సరిపెట్టలేదు. నా చెయ్యి పట్టుకుని జనంలోంచి దారి చేస్తూ, నారింజ రంగు కోటు వేసుకున్న ఒక మావోరీ ఆయన దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన పేరు వీరెము, ఊరేగింపు కార్యకర్త. తాటిచెట్టంత మనిషి, మొహం నిండా పచ్చబొట్టు గీతలు. ఇంకో రోజైతే భయపడి పక్కకి తప్పుకునేదాన్నేమో.

"ఆమె పేరేంటి?" అని వంగి అడిగాడు.

"మంగతాయారు."

తెల్లవాళ్లు ఎవరూ పలకలేని ఆ పేరు అతను తడుముకోకుండా పలికాడు. "మంగా. మా భాషలో ఆ మాట ఉంది. చెట్టుకొమ్మ అని. ఏటిపాయ అని కూడా. రండి, పిలుద్దాం."

పక్కన చిన్న లారీమీద మైకు ఉంది. అతను చెయ్యి అందించి నన్ను పైకి ఎక్కించాడు. పాడుతున్నవాళ్లకి ఏదో చెప్పాడు. పాట ఆగింది. "మీ భాషలోనే పిలవండి" అన్నాడు. ముందున్న జనమంతా నా వైపు చూస్తున్నారు. పుష్కరాల రేవులో తప్పిపోయినవాళ్ల పేర్లు మైకులో చదవడం చిన్నప్పటినుంచీ విన్నదాన్నే. నేనే చదవాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

"వదినగారూ, నేను సత్యవతిని. పార్లమెంటు ఎదురుగా లారీ దగ్గరున్నాను. ఎక్కడున్నా ఇటు రండి, వదినగారూ."

తెలుగు మాటలు ఆ గాలిలో ఎటో పోయాయి. రెండోసారి పిలవబోతూ ఆగిపోయాను. బ్యాగు తెరిచి చెవి మిషను తీసి వీరెముకి చూపించాను. "ఆమెకి వినబడదు" అన్నాను. అతను నవ్వలేదు. ఆ చిన్న మిషనుని అరచేతిలో పెట్టుకుని చూసి, జాగ్రత్తగా తిరిగి ఇచ్చాడు. మైకు తీసుకుని రెండు భాషల్లో చెప్పాడు, మీ పక్కన పచ్చ చీర కట్టుకున్న పెద్దావిడ ఉందేమో చూడండి, మనింటికొచ్చిన మనిషి అని. వాకీటాకీలో కూడా చెప్పాడు. జనంలో తలలు అటూ ఇటూ తిరగడం పైనుంచి నాకు కనబడింది.

అలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వాకీటాకీలో ఎవరో ఆడమనిషి మాట్లాడింది. వీరెము విని, మళ్లీ చెప్పమని, నా వైపు తిరిగాడు.

"మీ నది పేరేంటి?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఏ నది?"

"మీ ఊరి నది."

"గోదావరి" అన్నాను.

అతని మొహం విచ్చుకుంది. "దొరికింది" అన్నాడు. "ఆవిడ పేరు వాళ్లకి తెలియలేదు. ఆవిడ నది గోదావరి అని మాత్రం తెలిసిందట."

హేరా పక్కన

వెళ్తూ వెళ్తూ వీరెము చెప్పాడు. కొత్త మనిషి కలిస్తే మావోరీలు ముందు పేరు అడగరట. నీ కొండ ఏది, నీ నది ఏది అని అడుగుతారట. ఆ రెండూ తెలిస్తే మనిషి తెలిసినట్టేనట.

పచ్చికలో ఒక చెట్టుకింద మడత కుర్చీల్లో ముసలమ్మలు వరసగా కూర్చున్నారు. వాళ్ల మధ్య మా వదిన. ఒంటిచుట్టూ గళ్ల దుప్పటి, ఒళ్లో కాగితం పళ్లెం, అందులో నూనెలో వేయించిన బూరెల్లాంటి రొట్టె, దానిమీద జామ్. పక్కన తెల్లజుట్టు ఆవిడ వదిన చెయ్యి తన చేతిలో పెట్టుకుని ఉంది. ఆవిడ పేరు హేరా. గడ్డం మీద పచ్చబొట్టు. జనంలో గోడకి ఆనుకుని నిలబడిపోయిన వదినని మొదట చూసింది ఆవిడేనట. చేతులతో కొండ ఆకారం చూపించి, నీళ్లు పారినట్టు వేళ్లు కదిపి అడిగిందట. వదిన "పాపికొండలు" అందట. "గోదావరి" అందట.

నేను చేరేసరికి వదిన ఇంకా మాట్లాడుతోంది. తెలుగులోనే. హేరాకి తెలుగు రాదన్న సంగతి ఆమెకి పట్టినట్టు లేదు.

"ముందు అరుగు మునిగింది" అంటోంది. చెయ్యి మోకాలి దగ్గర పెట్టింది. "తరవాత కిటికీలు." చెయ్యి నడుము దాకా వచ్చింది. "తరవాత పెంకులు." చెయ్యి తలమీదికి వెళ్లింది. "ఆయన పడవలోంచి చూస్తానన్నారు. నేను తీసుకెళ్లలేదు. ఆ తరవాత ఎక్కువ రోజులు లేరు."

హేరా కళ్లు ఆ చేతినే చూస్తున్నాయి. చెయ్యి తల దాటినప్పుడు ఆవిడ తన రెండో చెయ్యి కూడా తెచ్చి వదిన చేతిమీద పెట్టింది. మా ఇంట్లో ఇన్నేళ్లుగా ఉన్న మనిషి, ఆ నీళ్ల గురించి నాకు ఒక్క మాట చెప్పలేదు. నేను వెనకే నిలబడిపోయాను.

తిరిగి చూసింది తనే. "ఎక్కడికి పోయావు సత్యవతీ, ఇంతసేపూ?" అంది కోపంగా.

నేను ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. "ఊరుకో, జనం చూస్తున్నారు" అంది. నా చేత్తోనే మిషను చెవికి పెట్టించుకుంది. హేరా కూతురు తన పళ్లెంలోంచి నాకూ ఒక రొట్టె పెట్టింది. లోపల గుల్లగా, వేడిగా ఉంది. పొద్దుటినుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ మధ్యాహ్నమంతా అక్కడే ఉన్నాం. హేరా నది వాంగనుయ్. కరెంటు కోసం దాని పైభాగపు నీళ్లని ఎప్పుడో మళ్లించారట. ఎన్నో తరాల పోరాటం తరవాత చట్టం ఆ నదిని ఒక మనిషిగా గుర్తించిందట. ఈ సంగతి వదినకి చెప్పడానికి నాకు కాస్త సమయం పట్టింది.

"నదిని మనిషన్నారా?" అని రెండుసార్లు అడిగి, "ఎవరి మనిషని?" అంది. ఆ ప్రశ్నని హేరాకి ఇంగ్లీషులో చెప్పాను. హేరా తన గుండె మీద చెయ్యి వేసుకుంది.

వాళ్ల బిల్లు గురించి తీర్పు చెప్పేంత నాకు తెలియదు. తైహాపే ఆవిడ మాటా విన్నాను, హేరా మాటా విన్నాను. అంత జనంలో ఒక ముసలామె గోడకి ఆనుకుని నిలబడితే చూసినవాళ్లున్నారన్నది మాత్రం నాకు తెలుసు.

వెళ్లొస్తామన్నప్పుడు హేరా వదిన మొహం దగ్గరికి తన మొహం తెచ్చింది. ముక్కూ నుదురూ ఆనించడం వాళ్ల పద్ధతి. నాకు కంగారు పుట్టింది. ఇంట్లో స్నానం చేశాక నా చీర కొంగు తగిలినా విసుక్కునే మనిషి వదిన. ఆమె కళ్లు మూసుకుని వంగింది. ఇద్దరూ అలాగే కాసేపు ఉండిపోయారు. తరవాత వదిన హేరా బుగ్గలు రెండు చేతులతో పుణికి, తన కణతల దగ్గర మెటికలు విరిచింది. టపటపమన్న ఆ చప్పుడుకి ముసలమ్మలంతా నవ్వి, తామూ ప్రయత్నించారు. ఒక్కరికీ రాలేదు. దుప్పటి తిరిగి ఇవ్వబోతే హేరా తీసుకోలేదు.

తిరుగు ప్రయాణం

బస్సులో వదిన మాట్లాడింది. వంటిల్లు ఏ దిక్కున ఉండేదో, వరదొస్తే గొడ్లని ఏ గట్టెక్కించేవాళ్లో, ఆర్డీవో ఆఫీసు ముందు టెంటు వేసుకుని కూర్చున్న రోజుల్లో ఎవరు ఏం వండి తెచ్చేవాళ్లో, అన్నీ. ఒక చోట ఏడ్చింది. ఇంకోచోట, టెంటు దగ్గర మా అన్నయ్యగారు నిద్రలో నినాదం ఇచ్చిన సంగతి చెబుతూ పగలబడి నవ్వింది. ముందు సీటాయన తిరిగి చూసి తనూ నవ్వాడు. టౌపో సరస్సు పక్కనుంచి పోతున్నప్పుడు మాత్రం మాట ఆపి, నీళ్లు కనబడినంతసేపూ కిటికీలోంచి చూసింది.

ఆక్లాండ్‌లో నవీన్ మా కోసం బస్టాండులో ఎదురుచూస్తున్నాడు. జరిగిందంతా చెప్పాను. "చెప్తే ఇనకపోతిరి అక్కా" అని, వదిన దుప్పటి అందుకుని కారులో పెట్టాడు. మర్నాడు భోజనాల దగ్గర అన్విని అతనే అడిగాడు, మీ స్కూల్ల ఆ ఒప్పందం గురించి ఏం చెప్తరు, నాకు గూడ చెప్పు అని. ఆ పిల్ల చెంచా కింద పెట్టి, ఇంగ్లీషులో గబగబా మొదలెట్టింది. కొన్ని నెలల తరవాత ఆ బిల్లు ఓటింగులో వీగిపోయిందని నాకు మెసేజ్ పెట్టింది కూడా అన్వే.

రాజమండ్రి వచ్చిన వారానికి మా ఎదురింటి సూర్యకాంతంగారు పలకరించడానికి వచ్చారు. ఆవిడా ఆ వీడియో చూశారట. నన్ను కాదు, వదిననే అడిగారు.

"అక్కడ పెద్ద గొడవలంట కదండీ. ఆ జనంలో తప్పిపోయారంట. భయం వెయ్యలేదా?"

వదిన చెవి మిషను సర్దుకుంది.

"భయం ఎందుకండి. వాళ్ల గోడు వాళ్లు చెప్పుకోడానికి వచ్చారు. నన్ను కూడా కుర్చీ వేసి కూర్చోబెట్టి, నాదేంటని అడిగారు."